బైబిల్లో కీర్తనని ఉన్నది ఉన్నట్టుగా సంఘమంతా పాడాలంటే ఎలా

మన ఆదివారం ఆరాధనలో కీర్తన చదివే టైం ఒకటి ఉంటుంది కదా, అయ్యగారు ఒక వచనం, సంఘం ఒక వచనం. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, ఆ టైంలోనే వెనక వరసల్లో కళ్లజోడు వెతుక్కోవటాలు, పిల్లల్ని బయటికి పంపటాలు, ఆలస్యంగా వచ్చినవాళ్లు చాపల మీద చోటు చూసుకోవటాలు అన్నీ జరుగుతాయి. చదివే గొంతులు ముందు వరసలో నాలుగైదు వినపడతాయి అంతే. ఐదు నిమిషాలాగి పాట ఎత్తుకోగానే అదే జనం మందిరం కప్పు లేచిపోయేలా పాడతారు. ఇంత పాడగలిగిన జనం పాటల కోసం రాసిన పుస్తకాన్ని మాత్రం గొణుగుతూ చదివి పక్కన పెట్టేస్తున్నారు, నాకు ఇది చాలా ఏళ్లు బాధగా ఉండేది. ఇప్పుడు మా సంఘంలో ఆరేళ్లుగా కీర్తన పాడుతున్నాం. ఎలా మొదలుపెట్టామో, ఎక్కడ తప్పు చేశామో, ఏది పని చేసిందో మొత్తం రాస్తున్నాను, మీ దగ్గర పాటలు నడిపించేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకి చూపించండి.

ముందు ఒకసారి బైబిల్ తీసి 4వ కీర్తన నంబరు కింద చిన్న అక్షరాల్లో ఏముందో చూడండి. ప్రధానగాయకునికి అని ఉంటుంది, తంతి వాద్యాలతో పాడాలని ఉంటుంది. 22వ కీర్తన మీద అయ్యెలెత్ షహరు అను రాగముమీద పాడదగినది అని ఉంటుంది. ఆ రాగం ఇప్పుడు మనకి లేదు, కానీ మన తెలుగు బైబిల్ అనువదించినవాళ్లు అక్కడ రాగము అనే మాటే వాడారు, అంటే ఇది ఎత్తుకుని పాడాల్సింది అని పైనే రాసిపెట్టి ఉంది. మనం ఆ గీతని దాటేసి మొదటి వచనం నుంచి చదువుతాం. ప్రభు రాత్రి భోజనం అయ్యాక వాళ్లు కీర్తన పాడి ఒలీవల కొండకి వెళ్లారని మత్తయి 26:30లో ఉంది కదా. పస్కా పండగకి యూదులు పాడే కీర్తనలు 113 నుంచి 118, కాబట్టి ఆ రాత్రి ప్రభువు నోట పలికింది కూడా బహుశా వాటిలోవే. ఈ ఒక్క మాట చెప్తే చాలు, పాడటం మాకు రాదు అనేవాళ్లు కూడా ఒకసారి ప్రయత్నిద్దాం అంటారు.

ఇక్కడ మాట దగ్గర ఒక తికమక ఉంది. మనకి కీర్తన అంటే ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పుస్తకంలో పాట కూడా. పురుషోత్తమ చౌదరి గారి (1803–1890) లాంటి పెద్దవాళ్లు రాగం తాళం పెట్టి రాసిన పాటలు మన తాతమ్మల కాలం నుంచి నోటికి వచ్చినవి, వాటి మీద నాకు ఎంత గౌరవమో చెప్పలేను. నేను ఇప్పుడు చెప్పేది వాటి గురించి కాదు, బైబిల్లో ఉన్న 150 గురించి. కొత్త పాటలు చాలావరకు కీర్తనలోంచి ఒక లైను పల్లవిగా తీసుకుని తర్వాత తమ దారిన వెళ్లిపోతాయి, అదేం తప్పు కాదు, కానీ అట్లా తీసుకున్నప్పుడు ఎప్పుడూ 23, 103, 121 ఇవే వస్తాయి, మిగతావి మూతపడే ఉంటాయి. కీర్తన మొత్తం, బైబిల్లో మాటలే, మొదటి వచనం నుంచి ఆఖరి వచనం దాకా ఒక్క మాట వదలకుండా సంఘం నోట్లో పెట్టటం ఎలా అన్నదే నా మాట అంతా.

మొదటి వారం 136తో మొదలుపెట్టండి, ఇంకేదీ వద్దు. 26 వచనాలు, ప్రతి వచనం చివర ఆయన కృప నిరంతరముండును అనే మాట వస్తుంది, 26 సార్లు. జనానికి పుస్తకం అక్కర్లేదు, ప్రాక్టీసు అక్కర్లేదు, ఆ మూడు మాటలు వస్తే చాలు. నడిపించేవాళ్లు వచనంలో మొదటి సగం పాడతారు, సంఘం ఆ జవాబు ఇస్తుంది. కేథలిక్ గుళ్లలో పూజలో మొదటి పఠనం తర్వాత కీర్తన పాడేది ఇదే పద్ధతిలో, పాడేవాళ్లు చరణం, జనం జవాబు. యూదా రాజు యెహోషాపాతు సైన్యానికి ముందు గాయకుల్ని నడిపించినప్పుడు వాళ్లు పాడింది కూడా ఈ కృప మాటే, రెండవ దినవృత్తాంతములు 20:21లో చూడండి. జవాబుకి ట్యూన్ కొత్తగా కట్టకండి, మీ సంఘానికి బాగా అలవాటైన పాటలోంచి ఒక చిన్న వరస తీసుకుని ఆ మాటలు అందులో పెట్టండి, ఒక్కసారి వింటే రెండోసారికి నోటికొచ్చేలా ఉండాలి. మా దగ్గర సండే స్కూలు పిల్లలకి సీహోను, ఓగు అనే రాజుల పేర్లు వచ్చే వచనాలంటే మహా ఇష్టం, ఆ రెండు వచనాల జవాబు అందరికంటే గట్టిగా వాళ్లదే.

శృతి గురించి ఇక్కడే చెప్పాలి ఎందుకంటే మొదటిసారి మేము దెబ్బతిన్నది అక్కడే. నడిపించే అబ్బాయి గొంతు మంచి హై, తనకి బాగున్న శృతిలో ఎత్తుకున్నాడు, ఏడెనిమిది వచనాలయ్యేసరికి పెద్దవాళ్లు ఒక్కొక్కరే ఆగిపోయారు, 15వ వచనం దగ్గర జవాబు ఇచ్చేది క్వయర్ ఒక్కటే. పాటలో అయితే పల్లవి కాసేపు పైకి వెళ్లి మళ్లీ కిందకి వస్తుంది కాబట్టి గొంతుకి విశ్రాంతి ఉంటుంది, కీర్తన పాడేటప్పుడు ఒకే స్వరం మీద చాలాసేపు నిలబడాలి, అందుకని మీరు మామూలుగా పాటలు ఎత్తుకునే శృతి కంటే ఒకటి రెండు మెట్లు కిందే ఎత్తుకోండి. ఆరవై దాటిన అమ్మమ్మగారు ఒకరిని ముందు వరసలో కూర్చోబెట్టి ఆవిడ గొంతు చూసుకుంటూ పాడండి, ఆవిడ ఇబ్బంది పడితే శృతి ఎక్కువైనట్టే.

చదువు రానివాళ్లు సంఘంలో ఎక్కువమంది ఉంటే ఇంకో మార్గం ఉంది, నడిపించేవాళ్లు సగం వచనం పాడి ఆగటం, జనం అదే మళ్లీ పాడటం. మన పల్లె కూడికల్లో పాట నేర్పేది ఇట్లానే, ఎవరూ మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. స్కాట్లండులో, ఇంగ్లండులో 1600ల్లో చదువు రాని జనం ఉన్నప్పుడు ఇదే చేశారు, 1645 నాటి ఆరాధన నియమాల్లోనే చదవలేనివాళ్లు ఎక్కువగా ఉన్నచోట ఒక్కో లైను ముందుగా చెప్పి పాడించమని రాశారు. స్కాట్లండు పడమటి వైపున్న లూయిస్ దీవిలో గేలిక్ భాష మాట్లాడే సంఘాలు ఇప్పటికీ అట్లానే పాడతాయి, ముందు ఒకాయన లైను ఎత్తుకుంటే వెనక జనం అంతా ఎవరి గమకం వాళ్లు వేసుకుంటూ అల లాగా అందుకుంటారు, వాయిద్యం ఒక్కటి ఉండదు. రికార్డింగులు దొరుకుతాయి, ఒకసారి వినండి, భాష అర్థం కాకపోయినా మన ఊళ్లో ముసలమ్మలు పాడినట్టే అనిపిస్తుంది.

136 నాలుగు వారాలు పాడాక అసలు పనికి రండి. బైబిల్ వచనం పాటలాగా కొలతలో ఉండదు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, అందుకే తాళంలో ఇమడదు. దీనికి పాతకాలం నుంచి సంఘం కనిపెట్టిన ఉపాయం ఒక్కటే, వచనంలో ఎక్కువ భాగం ఒకే స్వరం మీద మాట్లాడినట్టు పలికి చివర్లో మాత్రం స్వరం మార్చటం. లాటిన్ మఠాల్లో అట్లానే పాడారు, ఆరో శతాబ్దంలో బెనెడిక్టు అనే సన్యాసి పెట్టిన నియమం ప్రకారం వారంలో 150 కీర్తనలూ పూర్తి చేసేవాళ్లు. కొలత లేని వచనాన్ని ఎంత పొడుగున్నా పాడించగలిగేది ఈ పద్ధతే, తెలుగు వచనానికి చక్కగా సరిపోతుంది. ఎందుకంటే కీర్తనలో వచనం దాదాపు ఎప్పుడూ రెండు ముక్కలుగా ఉంటుంది, మొదటి ముక్క ఒక మాట అంటుంది, రెండో ముక్క దాన్నే ఇంకోలా అంటుంది లేదా ముందుకి తీసుకెళ్తుంది. పెన్సిల్ తీసుకుని ప్రతి వచనంలో ఆ రెండు ముక్కల మధ్య ఒక గీత పెట్టండి. మూడు ముక్కలున్న వచనాలు కూడా ఉంటాయి, అప్పుడు మొదటి ముక్కని స్వరం మార్చకుండా సాదాగా పలికి చిన్న ఊపిరి తీసుకుని మిగతా రెండూ మామూలుగా పాడుకోవచ్చు.

స్వరాలు నాలుగే చాలు, స రి గ ప. కీబోర్డు మీద అయితే సి మెట్టుని స అనుకుంటే సి, డి, ఇ, జి, అన్నీ తెల్ల మెట్లే. మొదటి వచనం ఎత్తుకునేటప్పుడు స, రి మీద రెండక్షరాలు పలికి గ మీదకి వెళ్లి అక్కడ నిలబడండి, తర్వాతి వచనాలు నేరుగా గ మీదే మొదలు. మొదటి ముక్క చివర ప దాకా ఒకసారి లేచి మళ్లీ గ కి వస్తుంది, అంటే మాట ఇంకా అయిపోలేదని చెవికి తెలుస్తుంది. రెండో ముక్క చివర రి కి దిగి స మీద ఆగుతుంది, అయిపోయింది.

మరి సరిగ్గా ఏ అక్షరం దగ్గర లేవాలి, ఏ అక్షరం దగ్గర దిగాలి? మేము రెండేళ్లు తంటాలు పడింది ఇక్కడే. మొదట్లో చివరి రెండక్షరాలు అని లెక్క పెట్టుకున్నాం, ఒక వచనంలో బాగుంటుంది, ఇంకో వచనంలో మాట నలిగిపోతుంది, పాడేవాళ్లకే ఏదో ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది. తర్వాత మా సంఘంలో తెలుగు టీచరుగా రిటైరైన ఒక పెద్దాయన విని, గురువు చూసుకోండమ్మా అన్నారు. స్కూల్లో ఛందస్సులో చదివిన గురువు లఘువే! దీర్ఘం ఉన్న అక్షరం గురువు, సున్నా ఉన్న అక్షరం గురువు, ఒత్తు అక్షరానికి ముందున్న అక్షరం గురువు. ముక్కలో చివరి మాట చూడండి, అందులో ఆఖరి గురువు ఎక్కడుందో అక్కడే స్వరం మార్చండి. ఆ మాటలో గురువే లేకపోతే మాట మొదటి అక్షరం దగ్గర మార్చండి. ఈ ఒక్క నియమంతో మా గొడవ మొత్తం తీరిపోయింది, ఇప్పుడు ఏ కీర్తన ఇచ్చినా పావుగంటలో గుర్తులు పెట్టేస్తాం.

121వ కీర్తన తీసుకుని చూపిస్తాను. మొదటి వచనం మొదటి ముక్క:

కొండ (స రి) – లతట్టు నా కన్నులెత్తుచు (అన్నీ గ) – న్నా (ప) – ను (గ)

రెండో ముక్క:

నాకు సహాయము ఎక్కడనుండి (అన్నీ గ) – వచ్చు (రి) – ను (స)

ఎత్తుచున్నాను అనే మాటలో ఆఖరి గురువు న్నా, అక్కడ ప. వచ్చును లో వ తర్వాత ఒత్తుంది కాబట్టి అదే గురువు, అక్కడ రి కి దిగి ఆఖరి అక్షరం స మీద ఆగాం. ఇప్పుడు 6వ వచనం చూడండి, గురువు లేని మాట ఇందులో ఉంది:

పగలు ఎండదెబ్బయైనను నీకు (అన్నీ గ) – త (ప) – గులదు (గ)

రాత్రి వెన్నెలదెబ్బయైనను నీకు (అన్నీ గ) – తగుల (రి) – దు (స)

తగులదు లో అన్నీ లఘువులే, అందుకని త దగ్గరే మార్చాం. 8వ వచనంలో నిరంతరము అనే మాటకి రం దగ్గర ప, తరము గ మీదకి జారిపోతుంది, పాడి చూడండి, ఆ మాట అర్థానికి తగ్గట్టే దూరంగా వెళ్లినట్టుంటుంది. మొత్తం 8 వచనాలు, నింపాదిగా పాడినా రెండు నిమిషాలు మించదు.

గ మీద ఉన్న అక్షరాలన్నీ ఒకే పొడుగు పలకకూడదు. మాట్లాడేటప్పుడు ఎట్లా పలుకుతామో అట్లానే, దీర్ఘం దీర్ఘంగా, హ్రస్వం హ్రస్వంగా. తెలుగులో ఇది తప్పితే మాటే మారిపోతుంది. మన పాటల అలవాటు వల్ల లైను చివర అక్షరాన్ని సాగదీస్తాం, వచ్చునూ, తగులదూ అని. కీర్తనలో అట్లా చేస్తే ప్రతి ముక్కా బరువెక్కి రెండు నిమిషాల కీర్తన ఐదు నిమిషాలవుతుంది, జనానికి నీరసం వస్తుంది. చివరి అక్షరం పొట్టిగా పలికి వదిలేయండి. నేర్పేటప్పుడు ముందు స్వరం లేకుండా అందరితో కలిసి మాట్లాడించండి, మూడుసార్లు, వార్తలు చదివినట్టు కాకుండా ఇంట్లో మనిషితో చెప్పినట్టు, ఆ తర్వాత గ మీద పెట్టండి. పాత తెలుగు మాటలు పిల్లలకి అర్థం కావు, భూమ్యాకాశములను అన్నది ఒక్క మాట అనుకుంటారు, భూమి ఆకాశం అని విడదీసి ఒక్క నిమిషం చెప్తే చాలు, తర్వాత వాళ్లే కరెక్టుగా పలుకుతారు.

ఇంక మధ్యలో ఆగటం. రెండు ముక్కల మధ్య గీత దగ్గర అందరూ ఆగాలి, అందరూ కలిసి ఒక ఊపిరి తీసుకోవాలి, ఆ తర్వాతే రెండో ముక్క. మొదట్లో ఎవరూ ఆగరు, భయం వేస్తుంది, మైకు ఆగిపోయిందేమో అనుకుంటారు. నడిపించేవాళ్లు చెయ్యి కొంచెం పైకెత్తి ఆపండి. రెండు మూడు వారాలకి అలవాటవుతుంది, అప్పుడు ఆ నిశ్శబ్దంలో వంద మంది ఊపిరి తీసుకోవటం వినపడుతుంది, నేను మొదటిసారి విన్నప్పుడు ఒళ్లు ఝల్లుమంది. ఒక వచనానికీ ఇంకో వచనానికీ మధ్య మాత్రం ఇంత ఆగక్కర్లేదు, వెంటనే అందుకోవచ్చు.

మన మందిరాల్లో చాలాచోట్ల మగవాళ్లు ఒకవైపు ఆడవాళ్లు ఒకవైపు కూర్చుంటారు కదా, ఇది కీర్తనకి సరిగ్గా తగిన అమరిక. ఒక వచనం ఆడవాళ్లు, ఒక వచనం మగవాళ్లు, ఒకళ్లు పాడుతుంటే ఇంకొకళ్లు విని ఊపిరి తీసుకుంటారు, గొంతు అలసిపోదు. ఇటలీలో మిలాను పట్టణంలో 386లో అంబ్రోసు బిషప్పుగా ఉన్నప్పుడు రాణి యుస్తినా సంఘాన్ని హింసిస్తుంటే జనం మందిరంలోనే ఉండిపోయారట, దుఃఖంలో అలసిపోకుండా ఉండటానికి తూర్పు సంఘాల పద్ధతిలో కీర్తనలు పాటలు పాడటం అప్పుడే అక్కడ మొదలైందని ఆ కాలపు క్రైస్తవ పండితుడు అగస్టీను రాసుకున్నాడు. మా స్త్రీల వైపు గొంతు ఎప్పుడూ ఎక్కువే కాబట్టి మొదటి వచనం వాళ్లకే ఇస్తాం, శృతి నిలబడుతుంది. ఆఖర్లో తండ్రికిని కుమారునికిని పరిశుద్ధాత్మకును మహిమ అనే స్తుతి అందరూ కలిసి అదే స్వరాల్లో పాడితే ముగింపు చక్కగా ఉంటుంది, సిఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) మందిరాల్లో ఇది ఎలాగూ నోటికి వచ్చిందే.

వాయిద్యాల విషయంలో నా మాట కొంచెం కఠినంగా ఉంటుంది. కీబోర్డులో స్టైల్ బటన్, రిథమ్ ప్యాడ్స్, ఈ రెండూ కీర్తన అయ్యేవరకు ఆఫ్ చేయండి. తాళం మొదలైతే జనం మాటల్ని తాళంలోకి తోసేస్తారు, గురువు లేదు లఘువు లేదు. స ప రెండు మెట్లు మెత్తగా పట్టుకుని ఉంచితే చాలు, లేదా ఫోన్లో తంబూరా యాప్ పెట్టి మైకు దగ్గర పెట్టండి. వాయించే తమ్ముడికి ముందే ప్రేమగా చెప్పండి, నీ వాయిద్యం వద్దని కాదు, ఇప్పుడు జనం గొంతే వాయిద్యం అని. కీర్తనలో సెలా అని వచ్చినచోట పాడటం ఆపి తనని పదిహేను సెకన్లు వాయించనివ్వండి. ఆ మాట కీర్తనల్లో 71 సార్లు ఉంది, అర్థం ఏంటో పండితులు ఇప్పటికీ తేల్చలేదు గానీ వాయిద్యానికి విరామం అని చాలామంది అనుకుంటారు, మా తమ్ముడు ఆ పదిహేను సెకన్ల కోసం కీర్తన అంతా శ్రద్ధగా వింటాడు. మైకు దగ్గర ఇంకో మాట, నడిపించేవాళ్లు మొదటి వచనం మైకులో పాడి ఒక అడుగు వెనక్కి జరగండి. జనానికి తమ గొంతు తమకి వినపడాలి, మన గొంతు స్పీకర్లోంచి వాళ్ల మీద పడుతూ ఉంటే వాళ్లు పాడటం మానేసి వింటారు. స్క్రీను ఉంటే ఒక స్లైడుకి ఒక వచనం, మధ్య గీతతో సహా. లేకపోతే పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి బెంచీకి ఒకటి పెట్టండి.

ఏ వారం ఏది పాడాలంటే, పొద్దున్న ఆరాధన మొదట్లో 95, 100 బాగుంటాయి, సాయంత్రం కూడికకి 4, 134 చిన్నవి, 141 కూడా. లెంటులో, అంటే ఈస్టరుకి ముందు శ్రమకాలంలో 51, గుడ్ ఫ్రైడేకి 22. కోతపండగకి 65, 67, 126, అందులో కన్నీళ్లతో విత్తినవాళ్లు సంతోషంతో కోస్తారనే మాట మా రైతుల నోట వింటే ఆ కీర్తన ఇక్కడి పొలాల్లోనే రాశారేమో అనిపిస్తుంది. పెళ్లికి 128. డిసెంబర్ 31 రాత్రి 90. 120 నుంచి 134 దాకా పదిహేను యాత్రకీర్తనలు, 132 తప్ప అన్నీ పొట్టివి, కొత్తగా మొదలుపెట్టే సంఘానికి నాలుగు నెలల పాఠం అందులోనే ఉంది, వారానికి ఒకటి.

దుఃఖపు కీర్తనలు వదలకండి, ఇది నేను బతిమాలి చెప్తున్నాను. మా సంఘంలో ఒక కుర్రాడు బైకు యాక్సిడెంటులో పోయాడు. ఆ ఆదివారం వాళ్లమ్మ ఆరాధనకి వచ్చి కూర్చుంది, మా దగ్గర లిస్టులో ఉన్నవి అన్నీ ఆనందించుడి, చప్పట్లు కొట్టుడి పాటలే, ఆవిడ ముందు అవి ఎత్తుకోవటానికి ఎవరికీ నోరు రాలేదు. పెద్దాయనే లేచి 13 పాడదాం అన్నారు, ఆరే వచనాలు. గ స్వరాన్ని ఒక మెట్టు తగ్గించి పాడాం, కీబోర్డులో ఇ బదులు పక్కనున్న నల్ల మెట్టు, అంతే తేడా, నాలుగు స్వరాలూ ఏడుపులోకి మారిపోతాయి. యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు అని రెండు వైపుల నుంచీ సంఘం అడిగింది. ఆవిడ నోరు విప్పలేదు, తల వంచుకునే ఉంది. మళ్లీ ఆదివారం వచ్చి ఆ కీర్తన ఇంకోసారి పాడతారా అని నన్ను అడిగింది, ఈసారి ఆవిడ కూడా పాడింది, ఆఖరి రెండు వచనాల్లో నమ్మిక మాట వచ్చేచోట మాత్రం ఆగిపోయింది, ఆ మాట ఆవిడ తరఫున మేం పాడాం. 88వ కీర్తన అయితే చివరిదాకా వెలుతురే రాదు, చీకటి అనే మాటతోనే ముగుస్తుంది, అయినా అది బైబిల్లో ఉంది, పాడేవాళ్ల కోసమే ఉంది. మనం సంతోషపు కీర్తనలే ఏరుకుంటే ఏడుస్తూ వచ్చినవాళ్లకి మందిరంలో పలకటానికి ఒక్క మాట లేకుండా చేసినట్టే.

శత్రువుల మీద శాపాలున్న కీర్తనల గురించి అడుగుతారు, 58, 83, 109, 137 చివరి వచనాలు. కేథలిక్ సంఘం 1971లో కొత్త ప్రార్థనా గ్రంథం తెచ్చినప్పుడు మొదటి మూడూ పూర్తిగా తీసేసింది, మిగతా వాటిలో కొన్ని వచనాలు తీసేసింది. నా అభిప్రాయం, కొత్తగా మొదలుపెట్టినప్పుడు వీటి జోలికి వెళ్లకండి, కానీ ఎప్పుడైనా పాడితే ముందు అయ్యగారు రెండు నిమిషాలు వివరించాలి, పగ మనం తీర్చుకోకుండా దేవుడి చేతిలో పెట్టేసే ప్రార్థన ఇది అని. చెప్పకుండా మధ్యలో వచనాలు ఎగరగొట్టటం నాకు నచ్చదు, జనం చేతిలో బైబిల్ ఉంది, వాళ్లు చూస్తారు.

తాళంలోనే పాడాలి, పాటలాగే ఉండాలి అని యూత్ అంటే దానికీ దారి ఉంది. జెనీవాలో 1562 నాటికి 150 కీర్తనల్నీ ఫ్రెంచిలో పద్యాలుగా రాసి ట్యూన్లు కట్టి పుస్తకం పూర్తి చేశారు, స్కాట్లండులో 1650లో వాళ్ల పద్యాల పుస్తకం వచ్చింది. తెలుగులో చేయాలంటే నేను చెప్పేది ద్విపద అనే పాత తెలుగు పద్యం. రెండు పాదాలు, కీర్తన వచనం రెండు ముక్కలు, ముక్కకి ఒక పాదం. పాదానికి మూడు ఇంద్రగణాలు ఒక సూర్యగణం, రామాయణం మొత్తాన్ని పాడుకునేలా రాసిన ఛందస్సు ఇది, మన ఆడవాళ్లకి ఆ నడక పుట్టుకతోనే వచ్చు. ప్రాస కోసం బైబిల్ మాట మార్చాల్సి వస్తే ప్రాస వదిలేయండి, ప్రాస లేని ద్విపదని మంజరీ ద్విపద అంటారు, అది కూడా ఒప్పే. రాసినవాళ్లు ఒక్కరే చూసుకోకుండా అయ్యగారి చేత వచనంతో పోల్చి చూపించుకోండి, కొత్త భావం ఒక్కటి చేరినా తీసేయాలి. కష్టమైన పని, ఏడాదికి రెండు కీర్తనలు అయినా చాలు.

ఇంట్లో పాడుకోవటానికి ఇంత ఏర్పాటు అక్కర్లేదు. రోజుకి ఐదు చొప్పున పాడితే నెలకి 150 అవుతాయి, ఇంగ్లండు ప్రార్థనా పుస్తకంలో కూడా పొద్దున సాయంత్రం కలిపి 30 రోజులకి పంచారు. అంత కుదరనివాళ్లు 119 ఒక్కటి పట్టుకోండి, 176 వచనాలు, ఆలెఫ్, బేత్, గీమెల్ అని 22 హెబ్రీ అక్షరాలకి ఎనిమిదేసి వచనాలు. రాత్రి అన్నం తిన్నాక రోజుకి ఒక అక్షరం, నాలుగు వచనాలు నాన్న, నాలుగు వచనాలు పిల్లలు, గ మీద నిలబడి, గీత దగ్గర ఆగి. మా ఇంట్లో చిన్నది ఇంకా చదవలేదు, దానికి గీత దగ్గర చెయ్యెత్తే పని ఇచ్చాం, అది చెయ్యి దించేవరకు ఎవ్వరం రెండో ముక్క ఎత్తుకోం.